రాజభవనం ఆ రోజు తెరిచే ఉంది

బ్యాంకాక్‌లో విమానం మారడానికి ముందు దొరికిన తొమ్మిది గంటలను, ఏప్రిల్ ఎండను కూడా లెక్కచేయకుండా, 1782లో నిర్మాణం మొదలైన రాజభవనం చూడటానికే కేటాయించుకున్నాం. ప్రహరీగోడ దగ్గరకు చేరామో లేదో, ఒక వ్యక్తి మర్యాదగా ఎదురొచ్చి, పూజల వల్ల ఈ రోజు భవనం మూసివేశారని, నామమాత్రపు ధరకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తారని నమ్మబలికాడు. ఎన్నో ఏళ్లుగా యాత్రికులందరికీ తెలిసిన ఈ మోసం, ద్వారానికి పిలుపు దూరంలోనే ఇంకా ఎలా సాగుతోంది? మమ్మల్ని తిప్పింది రత్నాల దుకాణానికి, ఆ తర్వాత దర్జీ కొట్టుకు! ఆ రెండు గంటలు మాకు ఎవరు తిరిగి ఇస్తారు? వెనక్కి వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర దాటింది, టికెట్లు ఇవ్వడం నిజంగానే ఆపేశారు.

అమ్మ ఎండకు తాళలేక కాలిబాట మీదే కూర్చుండిపోయింది. ఆమె శాకాహారి, వీధి బండ్ల మీద కూరగాయల వేపుడులో సైతం చేపల సాస్ పడుతుంది కాబట్టి, పసుపు జెండాపై ఎర్రని ‘జే’ అక్షరాలున్న శాకాహారపు బండి కోసం వెతికి వెతికి, చివరికి కొబ్బరిపాలలో నానిన జిగురన్నం, మామిడిపండు ముక్కలతోనే ఆమె ఆకలి తీర్చాం. మేం తింటుండగానే, అదే మనిషి గోడ పక్కన మరో కుటుంబాన్ని ఆపి మాట్లాడుతున్నాడు.