21 మూలికల సున్నిపిండి డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సున్నిపిండి డబ్బా గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ, తమరు మోచేతుల నుంచి భుజాల దాకా గీసి వెళ్ళిన ఎర్రటి చారలు ఇంకా మండుతున్నాయి. ఆ వాక్యం ప్రస్తుతానికి వాయిదా.

పండగ తలంటుకని తెప్పిస్తే తమరు వేంచేసిన వైభోగం ముందు చెప్పుకోవాలి. అట్టపెట్టె, అందులో బుడగల ప్లాస్టిక్కు, అందులో ప్లాస్టిక్ డబ్బా, మూతకి మళ్ళీ ఒక ప్లాస్టిక్ తొడుగు, లోపల బుల్లి ప్లాస్టిక్ చెంచా. అన్నిటికీ అడుగున తమరు, అక్షరాలా 100 గ్రాములు. డబ్బా మీద పచ్చటి ఆకు, ‘ప్రకృతికి నేస్తం’ అని రాత. కింద ‘మైక్రోబీడ్స్ లేవు’ అని హామీ. ఆ ప్లాస్టిక్ పూసల మీద అమెరికా 2015లో చట్టం చేసింది. సౌందర్య సామగ్రిలో అవి సురక్షితం కాదని మన దేశంలో సరుకుల నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ 2017లో చెప్పింది. అయినా పిండిలో ప్లాస్టిక్ పూసలు ఎప్పుడున్నాయండీ? ఇడ్లీలో ముళ్ళు లేవని హోటలు ముందు బోర్డు పెట్టినట్టుంది.

పోనీండి. గులాబీ రేకుల పేరు చెప్పి గుప్పించిన సెంటూ పోనీండి. ‘మృతకణాలు ఉండలుగా రాలుతాయి’ అన్నారు, ఆ రాలేదాంట్లో ఎక్కువ భాగం తమరూ నూనే అని తెలిసినా ఊరుకున్నాం. తమరితో జంటగా వచ్చిన బీరపీచుకి వెనకవైపు నైలాన్ గుడ్డ కుట్టి ఉంటే, అదీ చూడనట్టే ఉన్నాం. నా ప్రశ్న ఒక్కటే. తమర్ని ఎవరైనా జల్లించారా?

మర్యాదగానే అడుగుతున్నాను. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే కరకరమంటున్నారు. మణికట్టు లోపలివైపు రుద్దితే గీత పడుతోంది. ఆ కరకర ఎక్కడిదో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పెసరపిండి నీళ్ళు తగలగానే మెత్తబడుతుంది, శనగపిండీ అంతే. బియ్యం అలా కాదు. సగం నలిగిన బియ్యపు నూక నానాలంటే చాలాసేపు పడుతుంది, స్నానాల గదిలో దానికి అంత తీరిక ఎవరిస్తారు? అప్పటిదాకా అది ఇసుకే. దానికి తోడు కచ్చూరాల పీచు, పసుపు కొమ్ముల పలుకులు, ఎండిన నారింజ తొక్కల అంచులు. నూనె పట్టించి, వేడినీళ్ళు పోసి, మెత్తబడిన చర్మం మీద ఇవన్నీ వేసి, డబ్బా మీద రాసినట్టు ‘రోజూ 10 నిమిషాలు గట్టిగా’ రుద్దితే రాలేది మృతకణాలు కాదు, బతికున్నవి. కింద పుట్టిన కణం పైకొచ్చి తనంతట తాను రాలిపోవడానికి వయసులో ఉన్నవాళ్ళకి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. దానికి మనం చేసే సాయం వారానికోసారి, రెండు మూడు నిమిషాలు, అరచేత్తో. మొహం మీద మొటిమలుంటే అదీ వద్దు.

జల్లించడం ఏమంత బ్రహ్మవిద్య కాదు డబ్బా గారూ. కిలో పెసలు, పావుకిలో శనగపప్పు, 100 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కస్తూరి పసుపు. కొమ్ములు ముందే దంచుకోవాలి, లేకపోతే మరలో పలుకులుగా మిగిలిపోతాయి. నారింజ తొక్కలు వేస్తే, అవి విరిస్తే ఫెళ్ళుమనేంతగా ఎండాలి, చెమ్మ ఉంటే పిండి మొత్తం బూజు పడుతుంది. అన్నీ కలిపి రెండు రోజులు గట్టి ఎండలో పోసి మరకి తీసుకెళ్ళాలి. అక్కడ అంతకుముందు కారం ఆడించారా అని తప్పకుండా అడగాలి. ఆడించి ఉంటే ముందు గుప్పెడు బియ్యం ఆడించి మర శుభ్రం చేయించాలి, లేదా మర్నాడు రావాలి. ఈ ఒక్క ప్రశ్న అడగనివాళ్ళ పండగ ఎలా గడుస్తుందో వీధంతా వింటుంది. రెండుసార్లు ఆడించి, సన్న జల్లెడ పట్టి, ఆ తర్వాత బేసిన్ మూతికి పల్చటి నూలుగుడ్డ బిగించి, చేత్తో రాస్తూ దించాలి. గుడ్డ మీద మిగిలిన రవ్వ కూడా వృథా పోదు, పగిలిన మడమలకి పనికొస్తుంది.

ఇంతే. ఇంతే పని! ఒక గుడ్డ! 21 మూలికలు సేకరించానని చెప్పుకునే మీ కంపెనీకి ఒక్క మూర నూలుగుడ్డ దొరకలేదా? 450 రూపాయలు తీసుకుని, జల్లించే పని మా చర్మానికి అప్పజెప్పారా? ఆ గుడ్డ మీద మిగలాల్సిన రవ్వంతా డబ్బాకెక్కించి తూకం చూపించారా?

ఇక ఆ 21లో 14వ పేరు గురించి. బావంచాలు. పాత సున్నిపిండిలో వేసేవారు, కాదనను. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని బొల్లి చికిత్సలో వైద్యులు వాడతారు, ఎంత మందు, ఎంత వెలుగు అన్నది లెక్కగట్టి. అది పూసుకున్న ఒంటికి ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కవచ్చు, నల్లటి మచ్చలు మిగలవచ్చు. పండగపూట తలంటి కాగానే ఎవరైనా ఎక్కడుంటారు? ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ ఉంటారు. ఎన్ని గ్రాములు వేశావో రాయలేదు, ఎండలోకి వెళ్ళొద్దని రాయలేదు, పైగా ‘పసిపిల్లలకీ వాడవచ్చు’ అని రాశావు. నీకు సిగ్గుందా? పసిబిడ్డ ఒంటి మీద ఈ ఇసుక రుద్దమంటావా?

గొట్టం సంగతి కూడా విను. నూనెతో కలిసిన పిండి కాలువలో పేరుకుని గట్టిపడుతుంది. నీళ్ళు పోసుకునే ముందు పొడిగా పాత పేపరు మీదకి దులుపుకోవాలని ఒక్క ముక్క రాయడానికి అన్ని ఆకుల మధ్య చోటు చాల్లేదు కదూ. మా గొట్టంలో నువ్వు ఇంకా ఉన్నావు. ప్లంబరు రేపొస్తానన్నాడు.

మిగిలిన నిన్ను పారేయడం లేదు. గారెలు వేసిన ఇనుప మూకుడుకి నిన్ను చల్లి, కొబ్బరిపీచుతో తోమితే జిడ్డంతా ఒక్కసారికే వదిలింది. సబ్బు అక్కర్లేకపోయింది. ఇనుము మీద నీ నూక చేసే పని నిజంగా బాగుంది, అది ఒప్పుకోక తప్పదు. డబ్బా మూత కూడా గట్టిదే, చీమ దూరదు. నువ్వు ఖాళీ అయ్యాక అందులో బెల్లం పెడతాం.

ఇట్లు,
నీ వినియోగదారు