టైకో బ్రాహి ఇంట్లో తాళాల గుత్తి

పదహారో శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహి అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆయన ముక్కు. 1566లో జర్మనీలోని రోస్టాక్‌లో చదువుకుంటున్నప్పుడు దూరపు బంధువు మాండరప్ పార్స్‌బర్గ్‌తో కత్తియుద్ధానికి దిగి, ముక్కులో కొంత భాగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత జీవితమంతా లోహపు ముక్కు పెట్టుకునే తిరిగాడు. అది వెండిదని జనం చెప్పుకునేవారు. 2010లో సమాధి తెరిచి పరీక్షిస్తే ఇత్తడిదని తేలింది. ముక్కు కథ బాగానే ఉంటుంది. కానీ ఆయన జీవితం అర్థం కావాలంటే ముందు ఆయన పెళ్లి గురించి తెలుసుకోవాలని నా నమ్మకం.

1546 డిసెంబర్ 14న నుట్‌స్టోర్ప్‌లో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు స్వీడన్‌లో ఉంది, అప్పట్లో డెన్మార్క్‌ది. తండ్రి వైపు బ్రాహిలు, తల్లి వైపు బిల్లెలు, రెండూ దేశాన్ని నడిపే ప్రభు వంశాలే. తోడబుట్టిన కవల పసికందుగానే పోయాడు. టైకోకు రెండేళ్లు వచ్చేసరికి, పిల్లల్లేని పెదనాన్న యోర్గెన్ తల్లిదండ్రులకు మాటైనా చెప్పకుండా బిడ్డను ఎత్తుకుపోయి పెంచుకున్నాడు. అంటే వంశం, వారసత్వం అనే మాటలు ఆ ఇళ్లలో ఎంత బలమైనవో ఈ పిల్లాడికి ఊహ తెలియకముందే అనుభవమైంది.

అలాంటి ఇంటి బిడ్డ 1571 ప్రాంతంలో కిర్‌స్టెన్ యోర్గెన్స్‌డాటర్‌తో కాపురం పెట్టాడు. ఆమె సామాన్య కుటుంబం నుంచి వచ్చింది. నుట్‌స్టోర్ప్ చర్చి పాస్టర్ కూతురని ఎక్కువమంది చెబుతారు. చర్చిలో పెళ్లి జరగలేదు. అయినా ఆమెను ఉంపుడుగత్తె అనడానికి వీల్లేదు. 1241 నాటి జట్లాండ్ చట్టం అనే డెన్మార్క్ పాత చట్టంలో ఒక నిబంధన ఉండేది. ఒక స్త్రీ ఒక మగవాడి ఇంట్లో అందరికీ తెలిసేలా మూడు చలికాలాలు అతనితో కలిసి తిని, కలిసి పడుకుని, ఆ ఇంటి తాళంచెవులు తన చేతిలో ఉంచుకుంటే ఆమె అతని ధర్మపత్నే. సాక్ష్యానికి ఆ తాళాల గుత్తి చాలు. మన ఇళ్లలోనూ అత్తగారు బొడ్డులోంచి తీసి కోడలి చేతిలో పెట్టే తాళాల గుత్తికి ఎంత అర్థం ఉందో తెలిసినవాళ్లకి ఈ చట్టం వింతగా అనిపించదు.

కానీ ఆ చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంది. భార్య భార్యే, ఆమె హోదా మాత్రం మారదు. పిల్లలు తల్లి హోదాకే చెందుతారు. తండ్రి వంశం పేరు, వంశచిహ్నం, భూములు, వీటిలో ఏదీ వాళ్లకు రాదు. ఎనిమిది మంది పుడితే ఆరుగురు పెరిగి పెద్దయ్యారు. మొదటి కూతురు కిర్‌స్టీన్ 1576లో ప్లేగుతో చనిపోతే, సమాధి రాయి మీద చెక్కడానికి టైకోనే స్మృతిగీతం రాశాడు. ఆకాశంలో కొత్తగా వెలిగిన నక్షత్రాన్ని 1572 నవంబర్‌లో చూసి, నక్షత్రలోకం ఎప్పటికీ మారదన్న పాత నమ్మకాన్ని కదిలించిన మనిషి, కింద తన కొడుకులకు తన ఇంటి పేరు ఇచ్చుకోలేకపోయాడు.

డెన్మార్క్ రాజు ఫ్రెడరిక్ 2 బతికినంత కాలం ఇబ్బంది రాలేదు. ప్రేమించిన అమ్మాయిని హోదా అడ్డొచ్చి పెళ్లి చేసుకోలేకపోయిన మనిషి ఆయన కూడా. 1576లో హ్వెన్ దీవిని టైకోకు రాసిచ్చాడు. అక్కడ యురానిబోర్గ్ అనే ఖగోళ పరిశీలనశాల లేచింది. ఇంకా టెలిస్కోప్ లేని రోజుల్లో, కేవలం కంటితో, పెద్ద పెద్ద లోహపు పరికరాలతో గ్రహాల, నక్షత్రాల స్థానాలకు యూరప్‌లో ఎవరూ చేయనంత కచ్చితమైన కొలతలు ఇక్కడే తీశారు. ఆ వైభవానికి వెట్టి చేసింది దీవి రైతులని కూడా చెప్పాలి. వాళ్లు రాజుకు మొరపెట్టుకున్నారు, అందులో న్యాయం ఉంది.

1588లో రాజు పోయాక గాలి మారింది. కుర్ర రాజు క్రిస్టియన్ 4కు, ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు టైకో మీద అభిమానం లేదు. ఆదాయాలు ఒక్కొక్కటే తగ్గాయి. బతికున్న కూతుళ్లలో పెద్దదైన మాగ్దలీన్‌కు తండ్రి శిష్యుడు, వైద్యుడు గెలియస్‌తో కుదిరిన సంబంధం చెడిపోయి, ఆ గొడవ ఊరందరి నోళ్లలో పడింది. తాను పోతే దీవి, పరికరాలు, ఇల్లు ఏదీ పిల్లలకు మిగలదన్న టెన్షన్ ఏ తండ్రికైనా ఉంటుంది. 1597లో ఆయన కుటుంబాన్నంతా వెంటబెట్టుకుని దేశం విడిచాడు. చరిత్రకారులు దీనికి చాలా కారణాలు చెబుతారు. నా లెక్కలో ఈ భయం చివరి వరసలో పెట్టాల్సింది కాదు.

ప్రాగ్‌లో చక్రవర్తి రుడాల్ఫ్ 2 కొలువులో చేరాక పరిస్థితి మారింది. కూతురు ఎలిజబెత్ 1601లో ఫ్రాంజ్ టెంగ్‌నాగెల్ అనే ప్రభువంశీకుడిని పెళ్లాడింది. డెన్మార్క్‌లో అయితే ఈ సంబంధం ఊహకు కూడా అందదు. అదే ఏడాది అక్టోబర్ 24న టైకో చనిపోయాడు. భూములు లేవు కాబట్టి పిల్లలకు మిగిలిన ఆస్తల్లా పరికరాలు, కొలతల పుస్తకాలే. చక్రవర్తి పరికరాలను కొంటానన్నాడు, డబ్బు మాత్రం సరిగా ఇవ్వలేదు. కొలతల పుస్తకాలు టైకో దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చేతికి చిక్కాయి. వారసులు ఆదమరిచి ఉన్నప్పుడు వాటిని తీసుకున్నానని తర్వాత కెప్లర్ తనే ఒప్పుకున్నాడు. అల్లుడు టెంగ్‌నాగెల్ అడ్డం తిరిగాడు. మనం చదివే కథల్లో కెప్లర్ మేధావి, అల్లుడు మూర్ఖుడు. నేను అలా చూడలేను. ముప్పై ఏళ్ల రాత్రుల కష్టం తప్ప వేరే ఆస్తి లేని ఇంట్లో, దాన్ని ఊరికే వదిలేయమని ఎవరు అడగగలరు? ఆ తగాదా తెగడానికీ, ఆ కొలతల మీద కెప్లర్ కట్టిన రుడాల్ఫీన్ పట్టికలు (గ్రహాలు, నక్షత్రాలు ఎక్కడ ఉంటాయో చెప్పే లెక్కలు) 1627లో అచ్చుకావడానికీ మధ్య ఏళ్లు గడిచిపోయాయి.

వీటన్నిటి మధ్యలో ఉన్న కిర్‌స్టెన్ మాట ఒక్కటీ మనకు వినపడదు. భర్త పోయిన మూడేళ్లకు, 1604లో, ఆమె కూడా ప్రాగ్‌లోనే చనిపోయింది. టీన్ చర్చిలో ఆయన పక్కనే పాతిపెట్టారు. 1901లో, టైకో పోయి మూడు వందల ఏళ్లయిన సందర్భంగా ఆ సమాధి తెరిస్తే లోపల రెండు అస్థిపంజరాలు కనిపించాయి, ఒకటి మగమనిషిది, ఇంకొకటి స్త్రీది.