సిలబస్ ఎవరి చేతిలో ఉండాలి?

గుంటూరులో ఒక మున్సిపల్ స్కూలు. ఐదో తరగతి టీచరుకూ, మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే ఒక తండ్రికీ మధ్య మాటలు.

తండ్రి: పక్క స్కూల్లో భిన్నాలు అయిపోయాయంట. మా పాప ఇంకా తీసివేతలే చేస్తోంది మేడమ్.

టీచర్: నేనే ఆపానండీ. క్లాసులో సగంమందికి అప్పు తీసుకుని తీసివేయడం రాదు.

తండ్రి: మా పాపకు వచ్చుగా?

టీచర్: వచ్చు.

తండ్రి: మరి అదెందుకు ఆగాలి?

టీచర్: దానికి వేరే లెక్కలిస్తున్నాను. అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు రెండూ కొత్తే. కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు వచ్చేవాళ్ల పిల్లలు మధ్యలో చేరి, కోతలవగానే వెళ్లిపోతారు. వీళ్లందరికీ ఒకే వారంలో ఒకే పాఠమా? 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ గడువులోగా సిలబస్ మొత్తం పూర్తిచేయాలంటుంది. ఆ కిందే, ఒక్కో పిల్లవాడి స్థాయి చూసి అవసరమైతే అదనంగా చెప్పాలనీ అంటుంది. మొదటిదానికి తనిఖీలున్నాయి, రెండోదానికి టైమే లేదు. ఏ పాఠం ముందు, ఏది తర్వాత, ఏది వదిలేయాలో తేల్చుకోనివ్వండి చాలు.

తండ్రి: పదో తరగతి పేపరు మాత్రం రాష్ట్రమంతా ఒకటే కదా. మీరు వదిలేసింది అందులో వస్తే? డబ్బున్నోడు ట్యూషన్ పెట్టుకుంటాడు. మాకున్నది ఆ పుస్తకమే. మీరు ట్రాన్స్‌ఫరైపోతే వచ్చే సారు ఎక్కణ్ణుంచి మొదలెడతాడు? స్వేచ్ఛ ఇస్తే అసలు చెప్పని వాళ్లూ ఉంటారు మేడమ్.

టీచర్: అలాంటివాళ్లు ఇప్పుడూ చెప్పడం లేదు. రికార్డులు మాత్రం నిండుగా ఉంటాయి.

తండ్రి: మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?

(ఈ ప్రశ్నకు సర్కారు టీచర్లలో చాలామంది తడబడతారు.)

టీచర్: ప్రైవేటులో. అది వేరే విషయం.

తండ్రి: వేరే ఎట్టా అవుద్ది? అక్కడ సిలబస్ ఆపితే ఊరుకుంటారా?

టీచర్: ఊరుకోను. ఎందుకు ఆపారని అడుగుతాను.

తండ్రి: నేనూ అదేగా అడుగుతోంది!

టీచర్: సరే. ఏది ఆపానో, ఎందుకు ఆపానో, ఎప్పటికి పూర్తిచేస్తానో నెలనెలా రాసి తలుపు మీద అంటిస్తాను. కొత్తగా వచ్చేవాళ్లకూ అదే దారి చూపిస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు నిలదీస్తే మీరు వచ్చి మాట్లాడతారా?

తండ్రి: యార్డుకు సెలవున్న రోజైతే వస్తా. ముందు భిన్నాలు ఎప్పుడో రాయండి.