ఓడినవారికే పెద్దపీట

అమెరికా పురుషుల బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో, కొత్త ఆటగాళ్లను ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చడానికి ఏటా లాటరీ తీస్తారు. షికాగోలో 2025 మే 12న జరిగిన ఆ లాటరీలో తొలి ఎంపిక హక్కు డాలస్ మావెరిక్స్‌కు దక్కింది. ఆ జట్టుకు ఉన్న అవకాశం నూటికి 1.8 మాత్రమే. అంతకు మూడు నెలల ముందే లూకా డోంచిచ్ అంతటి ఆటగాణ్ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు అప్పగించి, సొంత ఊరి అభిమానుల చేత చీవాట్లు తిన్న యాజమాన్యానికి ఇది నడమంత్రపు సిరి. 82 ఆటల్లో 65 ఓడిన యూటా జాజ్ ఐదో ఎంపికతో, 64 ఓడిన వాషింగ్టన్ విజార్డ్స్ ఆరో ఎంపికతో సరిపెట్టుకోవలసి వచ్చింది. జూన్ 25 రాత్రి బ్రూక్లిన్‌లో, డ్యూక్ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క సీజన్ ఆడిన పద్దెనిమిదేళ్ల కూపర్ ఫ్లాగ్ డాలస్ టోపీ పెట్టుకుని వేదిక మీదికి వచ్చాడు. లాటరీలో ఏదో మతలబు ఉందని అభిమానులు అప్పుడే గగ్గోలు పెట్టారు గానీ, దానికి ఆధారం ఎవరూ చూపలేదు. మతలబు ఉందా లేదా అన్నది మాకు పెద్ద ప్రశ్న కాదు. ఏ తప్పూ జరగకుండా, నియమాల ప్రకారమే సాగినప్పుడు కూడా ఈ విధానం ఎవరికి మేలు చేస్తున్నదన్నదే అసలు ప్రశ్న.

డ్రాఫ్ట్ అనే ఈ ఎంపిక పద్ధతి 1947 నుంచి ఉన్నదే. కొత్తగా వచ్చే ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. గత సీజన్‌లో వెనుకబడిన జట్టుకు వంతు ముందు వస్తుంది. 1989 నుంచి రెండే రౌండ్లు కాబట్టి, 30 జట్లకు కలిపి ఏటా సుమారు అరవై మందికి మాత్రమే పిలుపు అందుతుంది. పిలుపు అందుకున్న ఆటగాడు ఆ లీగులో ఆ జట్టుతో తప్ప మరొకరితో ఒప్పందం చేసుకోకూడదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి మహానగరాలు డబ్బుతో, హంగులతో మేటి కుర్రాళ్లందరినీ లాగేసుకోకుండా, చిన్న ఊళ్ల జట్లు కూడా నిలదొక్కుకోవాలన్నది దీని వెనుక ఉన్న వాదన. ఆ వాదన పూర్తిగా బూటకమని మేము అనము. 1997లో టిమ్ డంకన్ దక్కకపోయి ఉంటే శాన్ ఆంటోనియో స్పర్స్ 1999 నుంచి 2014 లోపు అయిదు టైటిళ్లు గెలిచేదని చెప్పడం కష్టం. అయితే డ్రాఫ్ట్‌ను సమర్థించేవారు ఎప్పుడూ ఈ ఒక్క ఉదాహరణనే ముందుకు తెస్తారు. దాని పక్కన పెట్టవలసిన ఉదాహరణలు మాత్రం చాలానే ఉన్నాయి.

ఓడినవారికి బహుమతి ఇస్తే ఓడాలనుకునేవారు పుట్టుకొస్తారని లీగుకు మొదటి నుంచీ తెలుసు. 1966 నుంచి 1984 వరకు రెండు విభాగాల్లో అట్టడుగున ఉన్న జట్ల మధ్య నాణెం ఎగరేసి తొలి ఎంపికను తేల్చేవారు. 1984లో ఆ నాణెం హ్యూస్టన్ రాకెట్స్ పక్షాన పడింది, వారు హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకున్నారు. ఆ సీజన్ చివరి రోజుల్లో, రిటైర్మెంట్ అంచున ఉన్న 38 ఏళ్ల ఎల్విన్ హేస్‌ను ఒక ఆటలో దాదాపు ఆసాంతం కోర్టులోనే ఉంచడం చూసి, హ్యూస్టన్ కావాలనే ఓడుతున్నదని అందరూ చెవులు కొరుక్కున్నారు. మరుసటి ఏడాదే లాటరీ వచ్చింది. 1985లో కమిషనర్ డేవిడ్ స్టెర్న్ గాజు డ్రమ్ములోంచి కవరు తీసి న్యూయార్క్ నిక్స్ పేరు చూపించారు, ప్యాట్రిక్ యూయింగ్ వారి సొంతమయ్యాడు. చేతికి తగలగానే గుర్తుపట్టేలా ఆ కవరు మూల మడతపడి ఉందనీ, దాన్ని ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారనీ నలభై ఏళ్లుగా కథలు నడుస్తూనే ఉన్నాయి. 1990లో ఎక్కువ ఓడిన జట్టుకు ఎక్కువ అవకాశమంటూ మార్చారు. 1993లో 41 గెలిచి 41 ఓడిన ఓర్లాండో మ్యాజిక్‌కు 66లో ఒక్క వంతు అవకాశంతో తొలి ఎంపిక తగిలేసరికి, ఇది మరీ అన్యాయమంటూ అట్టడుగు జట్టు వాటాను 25 శాతానికి పెంచారు. పెంచాక కావాలని ఓడేవారు పెరిగారని 2019లో మళ్లీ తగ్గించి, చివరి మూడు జట్లకూ 14 శాతం చొప్పున సమానం చేశారు. ఒక వైపు లాగితే రెండో వైపు బయటపడే ఈ దుప్పటిని లీగు నలభై ఏళ్లుగా సర్దుతూనే ఉంది.

నేటి లాటరీ జరిగే తీరు చూస్తే, లీగుకు తన మీద తనకే ఎంత అపనమ్మకమో తెలుస్తుంది. టీవీలో మనకు కనిపించేది కవర్లు విప్పే తంతు మాత్రమే. అసలు డ్రా అంతకు ముందే తలుపులు మూసిన గదిలో, సెల్‌ఫోన్లు బయట పెట్టించిన జట్ల ప్రతినిధులు, కొద్దిమంది విలేకరుల ఎదుట జరుగుతుంది. ఒకటి నుంచి 14 వరకు అంకెలు వేసిన బంతులు యంత్రంలో తిరుగుతాయి. ఇరవై సెకన్లకు మొదటి బంతి, ఆపైన పది సెకన్లకొకటి చొప్పున మరో మూడు బయటికి వస్తాయి. సమయం చూసే మనిషి యంత్రానికి వీపు పెట్టి నిలబడి, చెయ్యెత్తి సైగ చేస్తాడు. నాలుగు బంతులతో 1001 కలయికలు సాధ్యం. ఒకదాన్ని పక్కన పెట్టి మిగిలిన వెయ్యింటినీ, టైటిల్ కోసం సాగే చివరి దశ అయిన ప్లేఆఫ్స్‌కు చేరని పద్నాలుగు జట్లకు పంచుతారు. అందులో డాలస్ వాటా పద్దెనిమిది. ఇంత పకడ్బందీ ఏర్పాటూ పంపకం నిజాయితీగా జరిగిందని చూపించడానికే. పంచిపెట్టడం మొదలయ్యే లోపు ఆర్నెల్ల పాటు కోర్టుల్లో జరిగేదాన్ని మాత్రం ఆ యంత్రం శుద్ధి చేయలేదు.

అక్కడ జరిగేదేమిటో ఫిలడెల్ఫియా అభిమానులు చెప్పగలరు. 2013 నుంచి వరుసగా మూడు సీజన్లలో ఆ జట్టు 47 ఆటలు గెలిచి 199 ఓడింది. ఓటమే వ్యూహమైనప్పుడు ఆటగాళ్లను దొంగాట ఆడమని చెప్పనక్కరలేదు. పనికొచ్చే వారిని అమ్మేసి, పనికిరాని జట్టును కోర్టులోకి దింపితే చాలు. ఆ మూడేళ్లూ టికెట్లు కొని స్టేడియానికి వచ్చినవారికి మాత్రం ధర తగ్గించిన దాఖలా లేదు. ప్రతిఫలంగా జోయెల్ ఎంబీడ్, బెన్ సిమన్స్ వచ్చారు, 2017లో మరో తొలి ఎంపిక కూడా వచ్చింది. అయినా 2025 వరకు ఆ జట్టు ప్లేఆఫ్స్ రెండో రౌండు దాటలేదు. 2023 ఏప్రిల్‌లో ఇదే డాలస్, ప్లేఆఫ్స్ ఆశ ఇంకా మిగిలి ఉండగానే, షికాగోతో ఆటకు ముఖ్యమైన ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టింది. ముందే కుదిరిన బేరం ప్రకారం, తన వంతు మొదటి పదిలో ఉంటే తప్ప ఆ ఏటి ఎంపికను న్యూయార్క్‌కు వదులుకోవలసి ఉండటమే దానికి కారణం. లీగు 7.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. డాలస్ జరిమానా కట్టి, ఎంపిక నిలబెట్టుకుంది. దాని ద్వారా సంపాదించిన డెరెక్ లైవ్లీ మరుసటి ఏడాదే ఆ జట్టు ఫైనల్స్‌కు చేరడంలో అండగా నిలిచాడు. అలాంటప్పుడు అది జరిమానా కాదు, రుసుము. 2025 మార్చిలో అలాంటి పనికే యూటాకు వేసిన లక్ష డాలర్లు ఆ పాటి రుసుము కూడా కాదు.

పోనీ, ఇంతచేసీ ఓడినవారికి లాభమైనా కలుగుతున్నదా? 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్ల అత్యుత్తమ ఆటగాడి పురస్కారాలను చూడండి. యానిస్ అడెటోకుంబో రెండుసార్లు, నికోలా యోకిచ్ మూడుసార్లు, ఎంబీడ్, షే గిల్జియస్-అలెగ్జాండర్ చెరొకసారి అందుకున్నారు. వీరిలో ఎంబీడ్ ఒక్కడే మొదటి పదిలో ఎంపికైనవాడు. యానిస్ 2013లో 15వ వాడు, షే 2018లో 11వ వాడు. యోకిచ్ 2014లో 41వ ఎంపిక. డెన్వర్ అతని పేరు ప్రకటించినప్పుడు టీవీలో తినుబండారాల ప్రకటన నడుస్తోంది, అతను సెర్బియాలో నిద్రపోతున్నాడు. కుర్రాణ్ని సరిగా అంచనా వేసి, ఓపికగా తీర్చిదిద్దిన జట్లు బాగుపడ్డాయి. అదే సమయంలో, నటించకుండా నిజంగానే కుప్పకూలిన జట్టును ఈ లాటరీ ఆదుకోనూ లేదు. 2023-24లో వరుసగా 28 ఆటలు ఓడి, సీజన్ మొత్తంలో 14 మాత్రమే గెలిచిన డెట్రాయిట్‌కు దక్కింది అయిదో ఎంపికే. దొంగ రోగికీ అసలు రోగికీ తేడా తెలియని వైద్యం ఎవరికి కావాలి?

ఇంతవరకు జట్ల సంగతి. ఆటగాడి సంగతి ఇంకా తక్కువగా చర్చకు వస్తుంది. ఇంజినీరింగ్ ముగించిన కుర్రాడితో, నిరుడు అందరికంటే ఎక్కువ నష్టపోయిన కంపెనీలోనే నువ్వు చేరాలి, జీతం కూడా ముందే రాసిపెట్టి ఉంది, కాదంటే ఈ రంగంలో మరెవరూ నిన్ను తీసుకోరు అని చెబితే మన ఇళ్లలో ఎంత రభస జరుగుతుందో ఊహించుకోవచ్చు. డ్రాఫ్ట్ చేసేది సరిగ్గా అదే. తొలి రౌండులో ఎంపికైనవాడి జీతం 1995 నుంచి పట్టిక ప్రకారం నడుస్తుంది. నాలుగేళ్లు గడిచాక మరో జట్టు ఎక్కువ ఇస్తానన్నా, అంతే మొత్తం తామూ ఇస్తామని పాత జట్టు అంటే అతను కదలడానికి వీల్లేదు. 1984లో ఎంపికైన లియోన్ వుడ్ ఈ కట్టుబాట్లు చట్టవిరుద్ధమని కోర్టుకెక్కాడు. క్రీడాకారుల సంఘం యాజమాన్యాలతో కుదుర్చుకున్న ఒప్పందం కొత్తగా వచ్చేవారికీ వర్తిస్తుందని 1987లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఓడిన ఆ వుడ్ తరువాతి కాలంలో అదే లీగులో రిఫరీ అయ్యాడు.

ఇందులోని విడ్డూరమేమిటంటే, ఎవరూ ఎంచుకోని ఆటగాడే అందరికంటే స్వేచ్ఛాపరుడు. డ్రాఫ్ట్ ముగిసిన మరుక్షణం అతను ఇష్టమైన జట్టుతో మాట్లాడుకోవచ్చు. 2021లో ఆస్టిన్ రీవ్స్ రెండో రౌండులో తనను ఎంచుకోవద్దని చెప్పించుకుని, కోరుకున్న లేకర్స్‌లో చేరి, అక్కడే పేరు తెచ్చుకున్నాడు. ప్రతిభ ఎంత పెరిగితే స్వేచ్ఛ అంత తరిగే ఈ ఏర్పాటును న్యాయమని ఎలా అనగలం?

మన దేశానికి ఈ డ్రాఫ్ట్‌తో ఉన్న చుట్టరికం చిన్నదే. పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్‌ను 2015లో ఇదే డాలస్ 52వ ఎంపికగా తీసుకుంది. భారతదేశంలో పుట్టి ఆ పిలుపు అందుకున్న తొలి ఆటగాడు అతనే. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలోని టెక్సాస్ లెజెండ్స్ అనే దిగువస్థాయి జట్టుకు ఆడాడు గానీ, ఎన్‌బీఏ కోర్టులో ఒక్క ఆట కూడా ఆడలేకపోయాడు. ఇక మన ఐపీఎల్ కూడా డ్రాఫ్ట్ రుచి చూసిందే. 2008లో పందొమ్మిదేళ్లలోపు కుర్రాళ్లను వేలంలో కాక డ్రాఫ్ట్‌లోనే పంచుకున్నారు. ఢిల్లీ ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకోగా విరాట్ కోహ్లీ బెంగళూరు పాలయ్యాడు. ఆ తరువాత వేలమే స్థిరపడింది. వేలంలోనూ ఆటగాడికి జట్టును ఎంచుకునే హక్కు లేదు, మనుషులకు ధర కట్టే ఆ తంతులో మర్యాద తక్కువన్నదీ నిజమే. కానీ అక్కడ ఆటగాడి విలువను పోటీ నిర్ణయిస్తుంది, పాడిన సొమ్ము చాలావరకు అతనికే చేరుతుంది. జట్లన్నిటి ఖర్చుకూ పరిమితి ఒక్కటే. పట్టికలో చివర నిలిచినందుకు అదనంగా దక్కేదేమీ లేదు. అందువల్ల సీజన్ సగంలో చేతులెత్తేస్తే లాభమన్న లెక్క అక్కడ పుట్టదు.

దారులు లేక కాదు. అమెరికాలోనే మహిళల బాస్కెట్‌బాల్ లీగు లాటరీకి రెండు సీజన్ల ఫలితాలను కలిపి చూసే పద్ధతి పెట్టుకుంది. ఒక్క ఏడాది ఓడి లాభపడటం అక్కడ అంత సులువు కాదు. మహిళల ఐస్‌హాకీ లీగు మరో అడుగు వేసి, ప్లేఆఫ్స్ అవకాశం పోయాక సంపాదించిన పాయింట్లను బట్టి ఎంపిక వరుసను నిర్ణయిస్తోంది; అంటే పోగొట్టుకునేదేమీ లేని జట్టు కూడా గెలవడానికే ఆడాలి. మహిళల ఫుట్‌బాల్ లీగైతే 2024 ఆగస్టులో క్రీడాకారిణుల సంఘంతో ఒప్పందం చేసుకుని డ్రాఫ్ట్‌నే రద్దు చేసింది. ఆస్తిపాస్తులలో ఎన్‌బీఏకు కాలిగోటికి సరిపోని లీగులు ఈ పని చేయగలిగాయి.

డ్రాఫ్ట్ లేకపోతే పెద్ద నగరాలు అందరినీ ఎగరేసుకుపోతాయన్న భయానికి, జట్ల జీతాల మొత్తం మీద 1984-85 నుంచి ఉన్న పరిమితే సమాధానం. ఆ పరిమితిని కొత్తవారి విషయంలో గట్టిగా అమలు చేస్తే, ఇప్పటికే మహామహులతో నిండిన జట్టు దగ్గర కొత్త కుర్రాడికి ఇవ్వడానికి సొమ్ము మిగలదు. ఖాళీ ఉన్న చిన్న జట్టు దగ్గర సొమ్ముతోపాటు ఆడే అవకాశమూ ఉంటుంది. పందొమ్మిదేళ్లవాడికి అన్నిటికంటే కావలసింది కోర్టులో నిమిషాలే. కాబట్టి వెనువెంటనే చేయవలసింది, ప్లేఆఫ్స్‌కు చేరని పద్నాలుగు జట్లకూ లాటరీలో సమాన అవకాశం ఇవ్వడం, ఫలానా స్థానం లోపు వస్తే ఎంపిక మాదే అన్న షరతులతో జట్లు బేరాలు చేసుకోవడాన్ని నిషేధించడం. పూర్తి రద్దుకు ప్రస్తుత ఒప్పందం అడ్డు నిలుస్తుంది. 2023లో కుదిరిన ఆ ఒప్పందం 2029-30 వరకు సాగుతుంది, ఏ పక్షమైనా ఒక ఏడాది ముందే వైదొలగవచ్చు. ఆ చర్చల బల్ల దగ్గర కూర్చునే క్రీడాకారుల సంఘంలో అందరూ ఇప్పటికే లీగులో ఉన్నవారే. నేడు పాఠశాలలో ఆడుతూ అప్పటికి డ్రాఫ్ట్‌లోకి వచ్చే కుర్రాళ్లకు అక్కడ ఓటు లేదు. వారి తరఫున మాట్లాడవలసిన బాధ్యతను, తాము దాటివచ్చిన గడప కదా అని ఆ సంఘం ఈసారి కూడా బేరంలో వదిలేయకూడదు.