ఊరికో టైరు, ట్రాక్‌కో టైరు? బావా బామ్మర్దుల వాదోపవాదం

విషయం: రోజూ ఊళ్లో తిరిగే బండినే రేస్ ట్రాక్ మీదకీ తీసుకెళ్లేవాడు టైర్లు, బ్రేకు డిస్కులు ఎలా ఎంచుకోవాలి?

పక్షాలు: బావది రావులపాలెం, బైకుల వర్క్‌షాపు. బామ్మర్దిది భీమవరం, 390 సీసీ స్పోర్ట్స్ బండి. వచ్చే నెల చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ట్రాక్ డేకి (ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని రేస్ ట్రాక్ మీద తోలే రోజు) పేరిచ్చాడు. బండిని వ్యానెక్కించే ఆలోచన లేదు, నడుపుకుంటూనే పోతాడట. బ్రాకెట్లలో మాటలు పక్కన కూర్చుని విన్న నావి.

బామ్మర్ది: ముందే తేల్చి చెప్పేస్తానండి బావగారూ. ముందూ వెనకా పిరెల్లీ సూపర్‌కోర్సా టైర్లు, అదీ రేస్ కాంపౌండు, రేసు కోసం కలిపిన రబ్బరు. ముందు చక్రానికి ఫ్లోటింగ్ డిస్కు. మీరు బిగించి పెడితే చాలు, డబ్బులు నావి.

బావ: డబ్బులు నీవేలే. పగిలే మోకాలు మాత్రం మా ఆవిడ తమ్ముడిది, నేను సమాధానం చెప్పుకోవాలి. ముందు లెక్క చెప్పు. ఇక్కణ్నుంచి ట్రాక్ ఎంత దూరం?

బామ్మర్ది: ఐదొందల పైనేనండి.

బావ: రానూపోనూ 1,000 దాటింది. ట్రాక్ చుట్టు 3.7 కిలోమీటర్లు. రోజంతా కలిపి నలభై చుట్లు కొట్టావే అనుకో, 150 కిలోమీటర్లు. ఆ 150 కోసం టైరు కొని, మిగతా వెయ్యీ దాని మీదే పోతానంటావు. తిరిగొచ్చాక ఆఫీసుకీ దాని మీదేగా?

బామ్మర్ది: పడితే పడేది ఆ 150లోనే కదండీ! మలుపులో మోకాలు నేలకి తగిలేలా బండి వంచినప్పుడు టైరు పట్టుకోవాలి. హైవే మీద తిన్నగా పోడానికి ఏ టైరైతేనేం?

బావ: అక్కడే తప్పులో కాలేశావు. రేసు రబ్బరు వేడెక్కితేగానీ పట్టదు. అందుకే పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపేచోట, వార్మర్లు అనే కరెంటు దుప్పట్లు చుట్టి 80 డిగ్రీల దాకా కాచి మరీ బయటికి వదుల్తారు. నీకు వార్మర్లున్నాయా? జెనరేటరుందా? తెల్లారగట్ల మంచులో ఉండి రోడ్డెక్కితే ఆ టైరు చల్లగానే ఉంటుంది. తిన్నటి రోడ్డు మీద నడిమి పట్టీ కాస్త వెచ్చబడుతుందేమో, అంచులకి వేడి ఎక్కడిది? మన డెల్టాలో మలుపంటే లాకుల దగ్గర వంతెన. చల్లటి అంచు మీద బండి వంచేది సరిగ్గా అక్కడే.

బామ్మర్ది: నెమ్మదిగా తిప్పుతానండి.

బావ: నెమ్మదిగానే తిప్పు. వంతెన దిగగానే చేపల లారీ కార్చుకుంటూ పోయిన ఐసు నీళ్లుంటాయి. ఉత్త నీళ్లు కాదు, జిగురు. ఊడ్పుల్లో ట్రాక్టరు చక్రాలు మోసుకొచ్చి పడేసిన రేగడి. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోత. రేసు టైరుకి గాడి తక్కువ, రోడ్డుని తాకే రబ్బరు ఎక్కువ. పొడి రోడ్డు మీద అదే దాని బలం, తడి మీద అదే దాని చావు. నీళ్లు పోడానికి దారి లేకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. రోడ్డు టైర్లలో తడికీ చలికీ పట్టేలా సిలికా ఎక్కువ కలుపుతారు, గాడులూ లోతుగా కోస్తారు. మిషెలిన్ రోడ్ 5 ఆ కోవలోదే. టీవీఎస్ బండి అపాచీ ఆర్‌ఆర్ 310కి కంపెనీవాళ్లే అది వేసి అమ్మారు.

బామ్మర్ది: ఆయ్, అలాగేనండి. మరి ఆ లోతు గాడుల టైరు ట్రాక్ మీదకెళ్తే? గాడికీ గాడికీ మధ్యన రబ్బరు దిమ్మలు అటూ ఇటూ ఊగుతాయి. ఊగితే వేడి. రోడ్డు కాంపౌండు అంత వేడికి తట్టుకోదు, నాలుగైదు చుట్లకే జిడ్డెక్కినట్టు జారుతుంది, అంచులు చిరుగుతాయి. మీ చేపల లారీ నీళ్ల మీద నేను ముప్ఫైలో ఉంటాను. అక్కడ స్ట్రెయిట్ చివర 140లో బ్రేకు పట్టాలి. ఏ తప్పుకి శిక్ష పెద్దదంటారు?

(ఈ ఒక్క మాట దగ్గర బావ కాసేపు స్పానరు తుడుచుకున్నాడు. రోడ్డు టైరు ట్రాక్ మీద అతిగా వేడెక్కి లొంగిపోవడం నిజమే. చల్లటి టైరు గురించి అందరూ చెప్తారు, ఉడికిపోయిన టైరు గురించి చెప్పేవాళ్లు తక్కువ.)

బావ: నువ్వన్నది వెయ్యి సీసీ బండికి నూటికి నూరుపాళ్లు. నీది నలభై చిల్లర హార్స్‌పవరుది, తేలిక బండి. టైరుకి వేడి పుట్టించేది బరువూ, బలమూ, తోలేవాడి చెయ్యీ. నువ్వు మొదటిసారి వెళ్తున్నావు. నీ చేతిలో రేసు కాంపౌండు పూర్తిగా వేడెక్కనే ఎక్కదు. అంటే అక్కడ కూడా నీకు దాని గుణం అందదు. రోడ్డు టైరు ఉడికిపోయేంత వేగం నీకు వచ్చిన రోజున నువ్వే బండిని వ్యానులో తీసుకెళ్తావు, అప్పుడు రెండో జత నేనే తెప్పిస్తా.

బామ్మర్ది: ఎటకారం వద్దండీ. నడిమధ్యనున్న రకం ఏదో చెప్పండి.

బావ: రోడ్డు కోసమే చేసిన స్పోర్ట్ టైరు. డయాబ్లో రోసో 4 లాంటిది. వెనక టైరుకి నడుమన గట్టి రబ్బరు, అంచులకి మెత్తది ఉన్న రకాలుంటాయి. మన హైవే నడిమినే తింటుంది కాబట్టి అదే నప్పుతుంది. నీ సైజు 110/70-17 ముందు, 150/60-17 వెనక. వెడల్పు పెంచుదామనుకోకు. ఆ రిమ్ముకి 160 ఎక్కిస్తే టైరు గుండ్రం నొక్కుకుపోయి వంగడం మొండికేస్తుంది, చూడ్డానికి మాత్రం బావుంటుంది.

బామ్మర్ది: ఇంకో దారుందండి. చెన్నైలో రేసర్లు రెండు మూడు సెషన్లు వాడి తీసేసిన టైర్లు చవగ్గా అమ్ముతారట. సగం గాడి అలాగే ఉంటుందట.

బావ: గాడి చూసి టైరు కొనేవాడివి నువ్వేనా? రేసు టైరు కాగి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కాస్త గట్టిపడుతుంది. ఎన్నిసార్లు కాగిందో అమ్మేవాడు చెప్పడు, టైరు మీద రాసుండదు. రాసుండేది తయారీ తేదీ ఒక్కటే. పక్కగోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు. 1823 అంటే 2023లో 18వ వారం. కొత్త టైరుకైనా అది చూడకుండా డబ్బివ్వకు, ఎండ తగిలే షెడ్డులో ఏళ్ల తరబడి వేలాడినవీ అమ్ముతారు.

బామ్మర్ది: సరే, టైరు మీదే. గాలి?

బావ: రోడ్డుకి మాన్యువల్లో ఎంతుంటే అంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి. ట్రాక్ మీద కాగినకొద్దీ గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి కాస్త తగ్గించి మొదలెడతారు. సెషన్ అయి రాగానే వేడి మీదే కొలుచుకుంటారు. ఎంత తగ్గించాలో అక్కడ టైరు చూసేవాణ్ని అడుగు, నా దగ్గర అంకె అడక్కు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ నింపుకో. తగ్గించిన గాలితో నెల్లూరు ఎండలో హైవే ఎక్కావంటే టైరు పక్కగోడ మడతలు పడి కాలుతుంది. గేజి నీ బ్యాగులో ఉండాలి. బంకులో గేజిని నేను నమ్మను.

(టైర్ల సంగతి ఇక్కడికి దాదాపు తేలిపోయింది. అసలు పేచీ డిస్కు దగ్గరుంది.)

బామ్మర్ది: ఇప్పుడు ఫ్లోటింగ్ డిస్కు. దీనికి మాత్రం మీరు అడ్డం చెప్పలేరు. మామూలు డిస్కు ఒకే పలక, చక్రం నడిమి హబ్బుకి బిగించేసుంటుంది. కాగితే వ్యాకోచించాలి, పోడానికి చోటు లేదు, గొడుగులా వంగుతుంది. ఫ్లోటింగ్‌లో నడిమి ముక్క వేరు, ఒరిసే రింగు వేరు, మధ్యన బటన్లు. రింగు తన మానాన తాను సాగుతుంది, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ మధ్య తనే సర్దుకుంటుంది. ట్రాక్‌కి అదే కావాలి.

బావ: చదువుకునే వచ్చావు, కాదనను. నాది ఒకటే ప్రశ్న. పోయినసారి బ్రేకాయిలు ఎప్పుడు మార్పించావు?

బామ్మర్ది: డిస్కు గురించి మాట్లాడుతుంటే ఆయిలేంటండీ?

బావ: చెప్పు.

బామ్మర్ది: ...బండి కొన్నప్పుడున్నదే.

బావ: తస్సాదియ్యా! అందుకే అడిగా. కొత్త డాట్ 4 రకం బ్రేకాయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అదే తేమ పీల్చుకుని నీరు 3.7 శాతానికి చేరితే 155కే మరిగిపోవచ్చు. మూత తీసిపెట్టిన ఉప్పు డబ్బాలాగే ఇదీ గాల్లో చెమ్మని లాగుతుంది, గొట్టాల్లోంచి కూడా. చుట్టూ చెరువులూ, కాలవలూ, పక్కన సముద్రం. మన దగ్గర చెమ్మకి కొదవా? ట్రాక్ మీద చుట్టు చుట్టుకీ గట్టిగా బ్రేకు పడితే కాలిపర్లో ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆవిరిని నొక్కితే నలుగుతుంది, ప్యాడ్‌ని నెట్టదు. లీవరు హ్యాండిల్‌కి తగుల్తుంది, బండి ఆగదు. అప్పుడు నీ ఫ్లోటింగ్ డిస్కు చక్కగా తేలుతూ ఉంటుంది.

బామ్మర్ది: ఆయిలు మారుస్తాను, డాట్ 5.1 పోస్తాను, 260 డిగ్రీలు. డిస్కూ మారుస్తాను. రెండూ చేస్తే తప్పేంటి?

బావ: తప్పు కాదు, వరస తప్పు. ముందు ఆయిలు, తర్వాత ప్యాడ్లు, ఆ తర్వాత డిస్కు. సింటర్డ్ ప్యాడ్లు వెయ్యి. లోహప్పొడి కలిపినవి కాబట్టి వేడికీ ఆగుతాయి, వానలోనూ పట్టుకుంటాయి. డిస్కు పెద్దదేస్తే బ్రేకు బలం పెరుగుతుంది, నిజమే. ఆ బలాన్ని రోడ్డుకి అందించాల్సింది ముందు చక్రం టైరు. దానికి లేని పట్టు డిస్కు తేలేదు. పైగా కాలిపర్ బ్రాకెట్టు మార్చాలి, చక్రం వేగం ఏబీఎస్‌కి చెప్పే పళ్ల రింగు, అదే ఏబీఎస్ రింగు, కుదరాలి.

బామ్మర్ది: మోటోజీపీ వాళ్లు డిస్కుల మీద అంత ఖర్చు ఊరికే పెడతారంటారా? 2023లో ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌కి వచ్చినప్పుడు చూశాం కదా, కార్బన్ డిస్కులు ఎర్రగా వెలగడం.

బావ: అవి చల్లగా ఉంటే సరిగ్గా పట్టవు, తెలుసా? వరల్డ్ సూపర్‌బైక్ రేసుల్లో ఇప్పటికీ ఉక్కు డిస్కులే. ఆ వేగాలకే ఉక్కు సరిపోతోంది. పోనీ ఇంకెవరో చెప్పారని పోత ఇనుము డిస్కు తెచ్చేవు. పట్టు బావుంటుంది, నర్సాపురం గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. మనకి స్టెయిన్‌లెస్సే.

బామ్మర్ది: ఇంకోటుందండీ. ఈమధ్య బ్రేకు పడితే లీవరు వేలి కింద కొట్టుకుంటోంది. డిస్కు వంగిందనేగా?

బావ: కావచ్చు. చాలాసార్లు వంగేది డిస్కు కాదు, ప్యాడ్ మసాలా ఒకచోట మందంగా అంటుకుంటుంది. బాగా కాగినప్పుడు బండి ఆపి లీవరు నొక్కిపెట్టి కూర్చుంటే అచ్చు పడ్డట్టు అంటుతుంది. అందుకే ట్రాక్ నుంచి పిట్‌లోకి వచ్చాక ముందు చక్రం బ్రేకు పట్టుకుని నిలబడకూడదు. స్టాండేసి వదిలెయ్యాలి. డిస్కు తిప్పుతూ ఎంత ఊగుతుందో ముల్లుతో చూపే డయల్ గేజి పెట్టి చూస్తేగానీ వంగిందో లేదో నేను చెప్పను.

బామ్మర్ది: పెట్టండి మరి. మందమూ కొలవండి.

(కొలిచారు. వెర్నియర్‌తో కాదు. అరిగిన డిస్కుకి అంచున గట్టులా మిగిలిపోతుంది, వెర్నియర్ దాని మీద కూర్చుని ఎక్కువ చూపిస్తుంది. మైక్రోమీటరుతో, చుట్టూ నాలుగైదు చోట్ల. డయల్ గేజి ముల్లు పెద్దగా కదల్లేదు. మందం మాత్రం డిస్కు మీద కనీస మందమని చెక్కిన అంకె కంటే తక్కువ వచ్చింది.)

బామ్మర్ది: ఏమండోయ్ బావగారూ, చూశారా! వరస మారింది!

బావ: మారింది. ఇంత పల్చనయ్యాక అది వేడి మొయ్యలేదు, రోడ్డు మీదైనా ఉంచకూడదు. మార్చాల్సిందే.

బామ్మర్ది: ఎలాగూ మారుస్తున్నప్పుడు ఫ్లోటింగే వెయ్యచ్చు కదండీ?

బావ: కంపెనీ సైజులోనే, బ్రాకెట్టు మార్చక్కర్లేనిది, ఏబీఎస్ రింగు కూర్చునేది దొరికితే వేస్తా. ఊరూ పేరూ లేని డబ్బాలో వచ్చింది తెస్తే వెయ్యను. బటన్లు వదులై టకటకలాడుతుంటే నా దగ్గరికే వస్తావు.

బామ్మర్ది: పాత ప్యాడ్లకి ఇంకా సగం మందముంది. వాటితోనే కానిచ్చేద్దామా?

బావ: అవి పాత డిస్కు గీతలకి అలవాటు పడి అరిగాయిరా. కొత్త డిస్కుకి కొత్త ప్యాడ్లే. బయల్దేరడానికి వారం ముందు రా, ఈ ఖాళీ రోడ్ల మీద మెల్లమెల్లగా బ్రేకు పడుతూ రెండింటినీ ఒరిపించాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు ఆయిలు సీలు వేసిన సీసాయే చెప్పు, విప్పింది తేకు.