మూడంచెల మద్దతు, మన పద్ధతిలో

పిల్లల మనసు చదువు మీద నిలవాలంటే బడిలో మూడంచెల మద్దతు ఉండాలని అమెరికా విద్యావేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. మొదట అందరికీ మంచి పాఠం. తడబడేవాళ్లను నలుగురైదుగురిగా కూర్చోబెట్టి ఇంకోసారి చెప్పడం రెండో అంచె. అప్పటికీ అందుకోలేనివాడి పక్కన కూర్చుని నేర్పడం మూడోది. ఎంత అమాయకత్వం! వెనకబడ్డవాడి మీద అంత ఖర్చు పెడితే వాడేమైనా హోర్డింగ్ ఎక్కుతాడా?

తెలంగాణ సర్కారు బడుల్లోనూ 2022లో 'తొలిమెట్టు' అని పెట్టి, ఐదో తరగతి లోపు చదవడం, రాయడం రానివాళ్లకు అవి నేర్పమన్నారు. ఆ బళ్ల ర్యాంకులు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు" అని మోగకపోవడానికి కారణం ఇదే అయ్యుండాలి.

మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు అంచెలను ఎప్పుడో కనిపెట్టాయి. కాకపోతే తలకిందులుగా. పై సెక్షన్ పేరు సూపర్‌తోనో స్టార్‌తోనో మొదలవుతుంది. వాళ్లకు ఏసీ గది, పేరున్న లెక్చరర్లు, ఫీజులో రాయితీ. చివరి సెక్షన్ వాళ్లది పై అంతస్తులో వాటర్ ట్యాంకు పక్క గది. పాఠం చెప్పేది మొన్ననే బీటెక్ గట్టెక్కిన కుర్రాడు. ఫీజు మాత్రం రూపాయి తగ్గదు. పైవాళ్లకిచ్చే రాయితీ మరెక్కణ్నుంచి రావాలి?

ఇక చదువులో మునిగిపోవడమంటారా, స్టడీ అవర్‌తో తెల్లవారుతుంది, స్టడీ అవర్‌తోనే పొద్దుపోతుంది. బాత్రూమ్ క్యూలోనూ చేతిలో ఫార్ములాల కాగితం ఉంటుంది. వీక్లీ టెస్టు అయ్యాక నోటీసు బోర్డు మీద జాబితా పడుతుంది. పేరు జారినవాడు ఆ సాయంత్రమే పుస్తకాలు సర్దుకుని కింది సెక్షన్‌కు వెళ్తాడు. అక్కడివాళ్లు ఏమీ అడగరు, బెంచీలో కాస్త జరుగుతారు. తండ్రి ఫోన్ చేస్తే ఇన్‌చార్జి ఓదారుస్తాడు: "మీవాడికి ఏం కాలేదు సార్, కాస్త ఫోకస్ తగ్గిందంతే. రెండో టర్మ్ ఫీజు ఎప్పుడు కడుతున్నారు?"

ఇంత సజావుగా సాగుతుంటే సుప్రీంకోర్టు కలగజేసుకుంది. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో తీర్పు ఇస్తూ, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టవద్దని, నలుగురిలో అవమానించవద్దని విద్యాసంస్థలకు, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లకు చెప్పింది. వందమంది, ఆపైన ఉంటే కౌన్సెలర్‌ను పెట్టమంది. అదృష్టవశాత్తూ బ్యాచ్‌ల గురించిన వాక్యంలో "సాధ్యమైనంత వరకు" అనే మాట ఒకటుంది. మన యాజమాన్యాలకు ఆ సందు చాలు.

అయినా గౌరవం కోసం ఏదో ఒకటి చేయాలి కదా. కౌన్సెలర్ పదవి ఫిజిక్స్ లెక్చరర్‌కే ఇవ్వండి, పిల్లలకు అతనంటే ముందే భయం కాబట్టి గోల ఉండదు. సెక్షన్లకు నదుల పేర్లు పెట్టండి. సూపర్‌ను గోదావరి అనండి, తర్వాతిది కృష్ణ, ఆపైన తుంగభద్ర. చివరిదానికి మూసీ అంటే హైదరాబాద్ తల్లిదండ్రులు ఇట్టే పసిగడతారు, అందుకని దాన్ని గంగ అందాం. రసీదు మీద పేరొక్కటి మారిస్తే చాలు, అంకె అలాగే ఉంచేయండి.