కిలో దూది, కిలో ఇనుము, ఒక అభిప్రాయం

ఆదివారం పొద్దున్న 7:40కి మా పాత క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో ఒకడు సరదాగా ఒక ప్రశ్న పెట్టాడు. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా? చిన్నప్పుడు మనందర్నీ బోల్తా కొట్టించిన ప్రశ్నే. మళ్ళీ ఒకసారి నవ్వుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడతారులే అనుకున్నాడు పాపం. 7:46కి జవాబు వచ్చింది. "రెండూ ఒకటే రా." న్యాయంగా అక్కడితో సభ ముగియాలి. 7:47కి ఇంకో మెసేజ్ దిగింది.

"అది నీ అభిప్రాయం. నా అభిప్రాయంలో ఇనుమే బరువు. ఎవరి అభిప్రాయం వాళ్ళది, గౌరవించడం నేర్చుకుందాం." చివర చేతులు జోడించిన బొమ్మ.

రాసినవాడి అసలు పేరు చెప్పను. ఇక్కడికి అభిప్రాయరావు అనుకుందాం. మీ గ్రూపులోనూ ఒక అభిప్రాయరావు ఉన్నాడు. ఇది చదువుతుంటే మీ కళ్ళముందు కనిపిస్తున్న ఆ డీపీ అతనిదే.

ఆ మెసేజ్ నిర్మాణాన్ని మూడు రోజులుగా పరిశీలిస్తున్నాను. సామాన్యమైన పనితనం కాదు. మొదటి వాక్యంతో ఎదుటివాడు చెప్పిన నిజాన్ని అభిప్రాయం స్థాయికి దించాడు. రెండో వాక్యంతో తన అబద్ధాన్ని అదే స్థాయికి ఎక్కించాడు. ఇప్పుడు రెండూ ఒకే ఎత్తులో, ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాయి. మూడో వాక్యంతో, ఇంకా నోరు తెరవని మా అందర్నీ సంస్కారం లేనివాళ్ళని చేశాడు. ఆఖర్న ఆ జోడించిన చేతులు. దాన్ని నమస్కారం అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. దాని అర్థం "ఇక నోరు ముయ్యి" అని.

తర్వాత జరిగింది చరిత్ర. మధ్యాహ్నానికి 214 మెసేజీలు.

"కాలి మీద పడేసుకుని చూడండి, ఏది బరువో తెలుస్తుంది" అని ఒకడు ప్రయోగాత్మక విజ్ఞానానికి దారి చూపించాడు. "తడి దూదా, పొడి దూదా? ప్రశ్నలో స్పష్టత లేదు" అని ఒక లాయరు. "కిలో అంటే ఏమిటో ముందు తెలుసుకోండి, 2019లో దాని నిర్వచనమే మార్చేశారు" అని ఇంకొకడు. నిజమే, 1889 నుంచి పారిస్ దగ్గర గంట ఆకారపు గాజు మూతల కింద జాగ్రత్తగా దాచుకున్న ఒక లోహపు స్తూపమే ప్రపంచానికంతటికీ కిలో. 2019 మే 20న దాన్ని పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో ఎప్పుడూ మారని ఒక సంఖ్య ఆధారంగా కిలోని కొత్తగా నిర్వచించారు. చాలా విలువైన సమాచారం. కాకపోతే నిర్వచనం మారింది దూదికీ ఇనుముకీ కలిపే. రామాయణంలో పిడకల వేట అన్నట్టు, మావాడు ఆ తర్వాత నలభై నిమిషాలు ప్లాంక్ గురించే రాశాడు.

పదింటికి అడ్మిన్ రంగంలోకి దిగి గొడవ సర్దుమణగడానికి ఓటింగ్ పెట్టాడు. భౌతికశాస్త్రం మీద ఓటింగ్. ఇనుముకి 19, సమానానికి 14, "చెప్పలేను"కి 6, దూదికి 1. దూదికి వేసినాయన వేలు జారిందని తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. "మెజారిటీ తీర్పుని శిరసావహిద్దాం" అని అభిప్రాయరావు. మళ్ళీ జోడించిన చేతులు.

అప్పుడొచ్చాడు మా ఫిజిక్స్ మాస్టారు. మా బ్యాచ్‌లో చదువుకున్నదాన్ని ఇంకా గుర్తుపెట్టుకున్న ఏకైక ప్రాణి. చదువుకున్నవాడికి ఉండే పెద్ద జబ్బు ఏంటంటే, నిజం మొత్తం చెప్పాలనుకుంటాడు. "ద్రవ్యరాశి రెండింటికీ ఒకటేరా. అయితే గాలిలో తూచినప్పుడు, ఎక్కువ చోటు ఆక్రమించేదాన్ని గాలి కాస్త ఎక్కువగా పైకి నెడుతుంది. కాబట్టి సున్నితమైన త్రాసులో దూది ఇనుముకంటే ఒక్క పిసరు తక్కువ చూపిస్తుంది. ఆ తేడా గ్రాము కూడా ఉండదు" అని శ్రద్ధగా, ఫుల్‌స్టాపులు పెట్టి మరీ రాశాడు.

అంతే. "చూశారా! ఫిజిక్స్ మాస్టారే ఒప్పుకున్నాడు ఇనుమే బరువని!"

మాస్టారు "అలా కాదురా" అని మొదలుపెట్టేలోపు పదిహేడు చప్పట్లు, నాలుగు పూలగుత్తులు వచ్చిపడ్డాయి. మాస్టారు ఇంకో రెండు పేరాలు రాశాడు. ఎవరూ చదవలేదు. మూడో పేరా మధ్యలో ఆపేసి, సాయంత్రం గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. రాత్రి అడ్మిన్ మళ్ళీ చేర్చాడు. దానికీ పూలగుత్తులే.

ఈ మధ్యలో ఒక శాంతిదూత వచ్చాడు. ఆయన ప్రతి గొడవకీ వస్తాడు. "రెండు వైపులా పాయింటుంది, కొంచెం ఇటు, కొంచెం అటు" అన్నాడు. అంటే కిలో ఇనుము ఒక పావుకిలో తగ్గాలి, కిలో దూది ఒక పావుకిలో పెరగాలి కాబోలు. ఆయన వెనకే "దేశంలో ఇన్ని సమస్యలుండగా దూది గురించి చర్చా?" అని నిట్టూర్చినవాడు. వాడి మెసేజీలు లెక్కపెట్టాను. దూది మీద పదకొండు.

మన పాతవాళ్ళకి వాదించడమంటే ఇంత చులకన లేదు. న్యాయమంటే కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం, అందులో గౌతమ మహర్షి చర్చని మూడు రకాలుగా విడదీసి చెప్పాడు. నిజం తేల్చుకోవడానికి కూర్చుంటే అది వాదం. ఎలాగైనా గెలవడానికైతే జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనైతే వితండం. మనం రోజుకోసారి తిట్టుకునే వితండవాదం అక్కణ్ణుంచి వచ్చిన మాటే. అంతటితో ఆగకుండా ఆయన 22 నిగ్రహస్థానాలు కూడా పేర్కొన్నాడు. అంటే, "ఇదిగో, ఇక్కడ దొరికిపోయావు, ఓడిపోయావు, ఇక కూర్చో" అని చెప్పే చోట్లు.

ఆ జాబితా తిరగేస్తుంటే మా గ్రూపు మెంబర్ల లిస్టు చదువుతున్నట్టే ఉంది. అసలు సంగతి వదిలేసి ఇంకోదాంట్లోకి దూకితే అర్థాంతరం. మా ప్లాంక్ భక్తుడు. ఇరుకున పడ్డాక ముందు చెప్పినమాటనే సవరించుకుంటే ప్రతిజ్ఞాంతరం. "నేనన్నది కాలి మీద పడితే అని" అన్నవాడు. "సరే, నాది తప్పే అనుకో, నువ్వు మొన్న తప్పు చెప్పలేదా?" అంటే మతానుజ్ఞ. ఇది లేకపోతే మా గ్రూపు వారం రోజుల్లో మూతపడుతుంది. ఓడిపోతున్నానని తెలియగానే పనుందని లేచిపోతే విక్షేపం. "డ్రైవింగ్‌లో ఉన్నా, తర్వాత రాస్తా." ఇంతసేపూ డ్రైవింగ్‌లోనే రాశాడు మరి.

ఒక్కదాన్ని మాత్రం గౌతముడు ఊహించలేకపోయాడు. "అది నా అభిప్రాయం." అంత పెద్ద తార్కికుడికీ ఇది తట్టలేదంటే చూడండి. మిగతా ఇరవై రెండు చోట్లా మనిషి ఓడిపోతాడు. ఇక్కడ ఓడిపోవడమనేదే ఉండదు. ఇందులోకి దూరి తలుపేసుకుంటే, బయట గౌతముడొచ్చి కొట్టినా తీయక్కర్లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మొండివాడు కనీసం కుందేలు గురించి మాట్లాడేవాడు. రండి, లెక్కపెడదాం అంటే వచ్చేవాడేమో. అభిప్రాయరావు దగ్గర ఆ సౌకర్యం లేదు. లెక్కపెడదామంటే మనోభావాలు దెబ్బతింటాయి.

అభిప్రాయాలుండకూడదని నేననడం లేదు. ఏ పాట బాగుంది, ఏ రంగు ముద్దొస్తుంది, ఏ హీరోకి నటన రాదు, వీటి మీద తెల్లారేదాకా కొట్టుకోండి, నేనూ వస్తాను. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫోటో మీద ప్రపంచం రెండుగా చీలిపోయింది, గుర్తుందా? కొందరికి నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారు రంగు. ఆ గౌను నిజానికి నీలం, నలుపే. కానీ తెలుపు అన్నవాళ్ళు అబద్ధమాడలేదు, వాళ్ళ కళ్ళకి అలాగే కనిపించింది. ఫోటోలో వెలుతురు ఎలాంటిదో ఒక్కొక్కరి మెదడు ఒక్కోలా అంచనా వేసుకుంది. అది ముచ్చటైన గొడవ. దూదినీ ఇనుమునీ అభిప్రాయరావు ఏ కళ్ళతో చూశాడో నాకర్థం కాదు.

ఇంకో చిన్న మాట చెప్పి అసలు సంగతికొస్తాను. 1982 సెప్టెంబర్ 19న అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు వాళ్ళ ఆన్‌లైన్ బోర్డులో ఒక సలహా ఇచ్చాడు. జోకుల్ని నిజమనుకుని జనం తగువులాడుకుంటున్నారు కాబట్టి, జోకు పక్కన కోలన్, అడ్డగీత, బ్రాకెట్ పెడదాం, పక్కకి తిప్పి చూస్తే నవ్వు మొహంలా ఉంటుంది అని. తగువులు ఆపడానికి పుట్టిన బొమ్మ అది. ఇప్పుడు దాన్ని ఎందుకు వాడుతున్నామో మీకూ తెలుసు. తిట్టి, ఆ తిట్టు పక్కన తగిలించడానికి. లేదా, తిట్టాల్సిన చోట తిట్టకుండా తప్పించుకోవడానికి. రెండోది నేను చేశాను.

రెండేళ్ళ కిందట ఇదే గ్రూపులో మావాడొకడు అడిగాడు. "డాక్టరు బీపీ మాత్రలు రాశాడురా. ఎప్పటికీ వాడాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది." అభిప్రాయరావు నిమిషంలో వచ్చేశాడు. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతాయి. కిడ్నీలు పోతాయి. మానేస్తేనే మంచిదని నా అభిప్రాయం." కింద ఒక పెద్ద ఫార్వర్డు. పైన రెండు బాణాల గుర్తు. చేతులు మారీ మారీ వచ్చిందని ఫోనే చెబుతోంది. అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020లో హద్దు పెట్టారు. పెడితే ఏమైంది, ఓపికున్నవాడు ఒక్కో గ్రూపుకీ విడివిడిగా పంపుకున్నాడు.

నేను రాశాను. "డాక్టర్ని అడక్కుండా ఆపొద్దురా. కిడ్నీల్ని పాడుచేసేది మాత్రలు కాదు, అదుపులో లేని బీపీ" అని. జవాబు మీరు చెప్పేయగలరు. "అది నీ అభిప్రాయం." చేతులు జోడించిన బొమ్మ.

కాదు. అది నా అభిప్రాయం కాదు. పక్షవాతం తెచ్చిపెట్టే కారణాల్లో అన్నిటికన్నా పెద్దది బీపీ. అది నా ఇష్టాయిష్టాల మీద ఆధారపడి లేదు. ఒక్కరోజు కూడా రోగిని చూడనివాడు, ఒక్క పుస్తకం తెరవనివాడు, వాష్ బేసిన్ దగ్గర పళ్ళు తోముకుంటూ బొటనవేలితో నెట్టిన అరపేజీ ఒకవైపు. ఏళ్ళ తరబడి చదివి, స్టెతస్కోపు పెట్టి, పరీక్షలు చూసి ఒక మనిషి రాసిన చీటీ ఒకవైపు. ఈ రెంటినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి గౌరవించమంటాడా? దేన్ని గౌరవించాలి? వాడి బొటనవేలినా? ఒకడి ప్రాణం మీద ఊసుపోక కబుర్లు చెప్పి, దానికి అభిప్రాయమని పేరు పెడితే చేతులు కట్టుకుని నిలబడాలా? సిగ్గుండాలి. వాడికి ఉండాలి, పూలగుత్తులు పెట్టిన పదకొండు మందికి ఉండాలి, అన్నిటికంటే ముందు నాకుండాలి. ఎందుకంటే నేను ఆ తర్వాత ఇంకేమీ రాయలేదు. గ్రూపులో గొడవెందుకులే అని ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

మావాడు మాత్రలు మానేశాడు. అయిదు నెలలకి ఆసుపత్రిలో ఉన్నాడు. గ్రూపులో "గెట్ వెల్ సూన్" అని మొదట పెట్టింది అభిప్రాయరావే. ఫోన్ చేసి అడిగాను. "నేను మానెయ్యమన్నానా? నా అభిప్రాయం చెప్పానంతే. వాడేమన్నా చిన్నపిల్లాడా?" అన్నాడు.

ఆదివారం 7:40కి ప్రశ్న పడింది, 7:46కి జవాబొచ్చింది అన్నాను కదా. "రెండూ ఒకటే రా" అని కొట్టడానికి ఆరు నిమిషాలెందుకు పట్టిందని 214 మెసేజీల్లో ఎవరూ అడగలేదు. వాడికి కుడిచెయ్యి ఇంకా లేవట్లేదు. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతాడు. స్క్రీన్ మీద వాడి పేరు పక్కన టైపింగ్ అని వస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ వస్తోంది. ఆరు నిమిషాలూ ఫోను పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒత్తులూ గుణింతాలూ ఒక్కటి కూడా తప్పు పోలేదు.

నిమిషంలో వచ్చింది జవాబు. "అది నీ అభిప్రాయం."